శాటిలైట్ కమ్యూనికేటర్: ఒంటరి నడకకు ప్లాన్ ఎంపిక

సెల్ సిగ్నల్ అందని కొండల్లో, అడవుల్లో ఉపగ్రహం ద్వారా పొట్టి సందేశాలనూ, ఉన్న చోటి జీపీఎస్ వివరాలనూ పంపే చేతి పరికరాన్ని శాటిలైట్ కమ్యూనికేటర్ అంటారు. గార్మిన్ ఇన్‌రీచ్, జోలియో, స్పాట్ ఈ కోవలో పేరున్నవి. అమెరికా, కెనడాల్లో దూరపు నడకదారులు పట్టేవారు వీటిని వెంట తీసుకెళ్తుంటారు. పరికరం కొన్నంత మాత్రాన అది పనిచేయదు, నెలవారీ చందా కట్టి ప్లాన్ తీసుకోవాలి. ప్లాన్లను పోల్చేటప్పుడు నెలకు ఎన్ని మెసేజ్‌లు వస్తాయి, ఎన్ని డాలర్లు పడుతుంది అన్న రెండు అంకెల మీదకే ముందు చూపు పోతుంది. జట్టుగా వెళ్లేవారికి ఆ లెక్క చాలు. ఒంటరిగా వెళ్లేవారు మాత్రం మొదట చూడవలసింది ట్రాకింగ్. మనిషి ఏ మీటా నొక్కకపోయినా, నడిచిన దారి ఎప్పటికప్పుడు ఇంటివారికి మ్యాపు మీద కనిపించే ఏర్పాటు అది.

నెట్‌వర్క్‌లు

ఈ పరికరాలు ప్రధానంగా రెండు ఉపగ్రహ వ్యవస్థల మీద నడుస్తాయి. ఇన్‌రీచ్, జోలియో వాడేది ఇరిడియం. భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి ధ్రువాల దాకా సేవ అందుతుంది. స్పాట్ వాడేది గ్లోబల్‌స్టార్. దాని ఉపగ్రహాలు సుమారు 1,414 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడ ఉపగ్రహానికి పరికరంతో పాటు నేలమీది గేట్‌వే కేంద్రం కూడా ఏకకాలంలో అందాలి. అందుకే గేట్‌వేలకు దూరమైన ప్రాంతాల్లో సేవ ఉండదు. 2007లో వచ్చిన తొలి స్పాట్ పరికరాలు సందేశం పంపగలిగేవి తప్ప జవాబు అందుకోలేకపోయేవి. 2011లో డెలోర్మ్ సంస్థ తెచ్చిన ఇన్‌రీచ్ రెండువైపులా సందేశాలు నడిపింది. 2016లో గార్మిన్ ఆ సంస్థను కొనేసింది. కాలు విరిగి పడి ఉన్న మనిషికి “బృందం బయలుదేరింది, కదలకండి” అన్న జవాబు ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ఒంటరి నడకకు రెండువైపుల సందేశాలున్న పరికరాన్నే కనీస అర్హతగా పెట్టుకోవడం మంచిది.

డబ్బు పెట్టి కొనేది ఏమిటి

ఎస్.ఓ.ఎస్. మీట ఏ ప్లాన్‌లోనైనా ఒకేలా పనిచేస్తుంది. ఇన్‌రీచ్ మీద అది నొక్కితే టెక్సస్‌లోని మాంట్‌గోమరీలో రాత్రింబవళ్లు పనిచేసే కేంద్రానికి కబురు వెళ్తుంది. అక్కడివారు ఆ ప్రాంతపు కౌంటీ షెరీఫ్‌కో, నేషనల్ పార్కు రేంజర్లకో సమాచారం అందిస్తారు. ఎక్కువ చందా కట్టినవారికి హెలికాప్టర్ ముందుగా రాదు. గార్మిన్ 2024 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన ప్లాన్ల నెలసరి ధరలు 7.99, 14.99, 29.99, 49.99 డాలర్లు. కింది మెట్టుకూ పై మెట్టుకూ ఇంత తేడా ఉన్నా ఆపద పిలుపులో తేడా లేదంటే, అదనంగా కట్టే డబ్బంతా పిలుపుకు ముందు జరిగే వ్యవహారానికే పోతోందన్నమాట. కబుర్లు, ఉన్నచోటు గుర్తులు, వాతావరణ సమాచారం, ఫొటోలు అన్నీ ఇందులోకి వస్తాయి. వీటిలో ప్రాణానికి పనికివచ్చేది ఏదన్నదే అసలు ప్రశ్న.

మీట నొక్కడానికి చెయ్యి కావాలి, స్పృహ కావాలి. జట్టులో ఒకరు జారిపడితే మరొకరు నొక్కుతారు. ఒంటరివాడు తలకు దెబ్బ తగిలి పడినా, ఏరు దాటుతూ కొట్టుకుపోయినా, చలికి ఒళ్లు బిగిసి బుద్ధి మందగించినా నొక్కేవారు ఉండరు. అప్పుడు గాలింపు బృందానికి దొరికే ఆధారం చివరిసారి నమోదైన చోటే. గంటకు 3 కిలోమీటర్ల నడకలో 10 నిమిషాలకొకసారి గుర్తు పంపే పరికరమైతే చివరి గుర్తుకూ ప్రమాదస్థలానికీ మధ్య దూరం అర కిలోమీటరు దాటదు. అరగంటకొకసారి పంపితే ఆ దూరం కిలోమీటరున్నర దాకా పెరుగుతుంది. దూరం మూడింతలైతే గాలించవలసిన వైశాల్యం తొమ్మిదింతలవుతుంది: మొదటి సందర్భంలో ఒక చదరపు కిలోమీటరు లోపు, రెండో సందర్భంలో ఏడు చదరపు కిలోమీటర్లు. పొద్దున ఒక కబురు, సాయంత్రం ఒక కబురు మాత్రమే పంపేవారి విషయంలో రోజంతా నడిచిన 20 కిలోమీటర్ల దారి, దానికి రెండువైపులా ఉన్న లోయలు అన్నీ వెతకాల్సిందే.

ఈ లెక్క కాగితానికే పరిమితం కాదని 2013లో మెయిన్ రాష్ట్రంలో జరిగిన ఘటన చూపిస్తుంది. అపలాచియన్ ట్రయిల్ మీద ఒంటరిగా నడుస్తున్న ఒక మహిళ కాలకృత్యాలకని దారి దిగి, తిరిగి దారి పట్టుకోలేకపోయారు. భర్తకు ఫోన్‌లో పంపిన సందేశాలు సిగ్నల్ లేక వెళ్లలేదు. ఆమెకున్న ఉపగ్రహ పరికరం మోటల్ గదిలోనే ఉండిపోయింది. పెద్దఎత్తున గాలించినా జాడ దొరకలేదు. ఆమె రాసుకున్న పుస్తకాన్ని బట్టి మూడు వారాలకు పైగా ప్రాణాలతో ఉన్నారని 2015లో అవశేషాలు దొరికాక తెలిసింది. అవి దొరికింది ట్రయిల్‌కు సుమారు 3 కిలోమీటర్ల లోపే. గాలింపు జరిగింది, ఆమె బతికే ఉన్నారు. ఎక్కడ దారి దిగారో చెప్పే ఒక్క గుర్తే కరువైంది.

ఖర్చు లెక్క

ట్రాకింగ్ ముఖ్యమని ఒప్పుకున్నాక చవక ప్లాన్ నిజంగా చవకేనా అని చూడాలి. 7.99 డాలర్ల ప్లాన్‌లో ఒక్కో ట్రాక్ గుర్తుకు 10 సెంట్లు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటలు నడిచి, 10 నిమిషాలకొకటి చొప్పున పంపితే 48 గుర్తులు, అంటే 4.80 డాలర్లు. రెండు రోజులకే 9.60 డాలర్లవుతుంది. గుర్తులకు విడిగా వసూలు చేయని 14.99 డాలర్ల ప్లాన్‌కూ దీనికీ నెలకు తేడా 7 డాలర్లు. కాబట్టి నెలలో రెండు రోజులు నడిచేవారికి కూడా పై మెట్టే లాభం. పైగా గుర్తుకింతని కట్టే ప్లాన్‌లో చేతికి తెలియకుండానే పొదుపు మొదలవుతుంది. ఈ దారి తెలిసిందేలే అని ట్రాకింగ్ కట్టేస్తారు. భద్రత కోసం కొన్న వస్తువును వాడటానికి వెనకాడేలా చేసే ప్లాన్ ఎంత చవకైనా దండగే. ఏడాదిలో నాలుగు నెలలే కొండలెక్కేవారు ఆ నెలల్లో 14.99 డాలర్ల ప్లాన్, మిగతా ఎనిమిది నెలలు 7.99 డాలర్ల ప్లాన్ పెట్టుకుంటే మొత్తం 123.88 డాలర్లు. ఏడాదంతా పై ప్లాన్ ఉంచితే 179.88. ఇంతకంటే ఖరీదైన ప్లాన్లు ప్రధానంగా మాటామంతీకి, ఫొటోలకు. అవి సరదా కోసం తీసుకోవచ్చు, భద్రత పద్దులో రాయకూడదు.

ఇంటివారితో ఒప్పందం

ట్రాకింగ్ గుర్తులు చూసేవారు లేకపోతే అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దట్టమైన చెట్లకింద, ఇరుకు లోయల్లో గుర్తులు ఆలస్యంగా వెళ్తాయి, కొన్ని అసలు వెళ్లవు. అందుకే గుర్తు ఆగిన ప్రతిసారీ కంగారు పడకుండా ముందే గడువు అనుకోవాలి. రాత్రి 8 గంటలకు క్షేమమన్న కబురు రాకపోతే మర్నాడు ఉదయం ఫలానా గంట దాకా ఆగి, ఆ తర్వాత షెరీఫ్ కార్యాలయానికి ఫోన్ చేయాలి అన్నంత స్పష్టంగా ఉండాలి. నడకదారి పేరు, కారు నిలిపిన చోటు, పర్మిట్ వివరాలు, కౌంటీ షెరీఫ్ పూర్తి ఫోన్ నంబరు వారి దగ్గర ఉండాలి. చూసుకునేవారు విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలైతే ఇది మరీ ముఖ్యం. ఇండియా నుంచి 911 కొడితే అమెరికా కౌంటీకి కలవదు. వేసవిలో కాలిఫోర్నియాలో రాత్రి 8 గంటలంటే మన దగ్గర మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. గడువును రెండు గడియారాల్లోనూ రాసి ఇవ్వాలి. వీలైతే అమెరికాలోనే ఉన్న ఒక స్నేహితుణ్ణి కూడా జాబితాలో చేర్చాలి.

అభ్యంతరాలు

నెలనెలా చందా లేని పర్సనల్ లొకేటర్ బీకన్ ఉండగా ఈ ఖర్చెందుకన్నది మొదటి అభ్యంతరం. ఆ బీకన్ తక్కువదేమీ కాదు. 406 మెగాహెర్ట్జ్ మీద గట్టి సిగ్నల్ పంపుతుంది, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాని వెనకున్న కోస్పాస్-సర్సాట్ వ్యవస్థను అమెరికా, కెనడా, ఫ్రాన్స్, నాటి సోవియట్ యూనియన్ కలిసి నిర్మించాయి, 1982 నుంచి అది ప్రాణాలు కాపాడుతోంది. తోడుతో వెళ్లేవారికి అది చాలు. కానీ దాన్ని కూడా ఒకరు తీసి మీట నొక్కాలి. నొక్కలేని స్థితే ఒంటరివాడి అసలు ప్రమాదం కనుక ట్రాకింగ్‌కు అది బదులు కాలేదు, అదనపు రక్షణగా మాత్రం వెంట ఉంచుకోవచ్చు.

ఫోన్‌లోనే ఉపగ్రహ సౌకర్యం వచ్చిందిగా అన్నది రెండోది. 2022 నవంబరులో ఐఫోన్ 14తో మొదలైన ఉపగ్రహ ఎస్.ఓ.ఎస్., 2025లో టీ-మొబైల్ స్టార్‌లింక్‌తో కలిసి తెచ్చిన సేవ నిజంగా ఉపయోగకరమైనవే. అయితే ఐఫోన్‌లో ఉపగ్రహం వైపు చూపుతూ సిగ్నల్ పట్టుకోవాలి, అది దానంతట అది దారి గుర్తులు పంపదు. మ్యాపుకూ కెమెరాకూ టార్చికీ అదే బ్యాటరీ ఖర్చవుతుంది. 100 గ్రాముల ఇన్‌రీచ్ మినీ 2 మాత్రం ఆకాశం తెరిపిగా ఉన్నచోట 10 నిమిషాల ట్రాకింగ్‌తో 14 రోజుల దాకా నడుస్తుందని తయారీదారు లెక్క. ఫోన్ కబుర్ల పని అందుకున్నకొద్దీ కమ్యూనికేటర్ మీద పెట్టే డబ్బు ట్రాకింగ్‌కేనన్న వాదం బలపడుతుంది.

పరికరం ఉందన్న ధీమాతో సాహసాలు పెరుగుతాయన్న విమర్శలో నిజముంది. సహాయం రావడానికి గంటలు పట్టవచ్చు, వాతావరణం బాగాలేకపోతే రోజు దాటవచ్చు. న్యూహాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం వల్ల ఆపదలో పడినవారి నుంచి రక్షణ ఖర్చు వసూలు చేసే చట్టం కూడా ఉంది. ఏ ప్లాన్ అయినా నీళ్లకు, వెచ్చటి బట్టలకు, వెనుదిరిగే వివేకానికి బదులు రాదు.

భారతదేశంలో

పై సలహాలేవీ భారతదేశానికి వర్తించవు. టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లను, కమ్యూనికేటర్లను దేశంలోకి తేవడం, వాడటం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో గార్మిన్ ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీ పర్యాటకురాలిని అదుపులోకి తీసుకున్నారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చేవారు ఈ పరికరాన్ని చెక్ఇన్ లగేజీలో కూడా పెట్టుకోకుండా అక్కడే వదిలి రావాలి. హిమాలయాల్లో నడవదలిస్తే తోడు, స్థానిక గైడు, అటవీశాఖ చెక్‌పోస్టులో పేరు నమోదు ఇవే దారి.

అమెరికాలో ఒంటరిగా నడిచేవారు మాత్రం 10 నిమిషాల ట్రాకింగ్‌కు విడిగా వసూలు చేయని ప్లాన్లలో అన్నిటికంటే చవకైనది తీసుకుని, నడక మొదలుపెట్టిన క్షణం నుంచి ముగిసేదాకా దాన్ని ఆపకుండా ఉంచాలి. పరికరాన్ని సంచి అడుగున పెట్టకుండా భుజం పట్టీకి తగిలించుకోవాలి.