కోనసీమ ఫెర్న్‌ల నమోదు: చరిత్రలో ఒక లోటు

గోదావరి తీర వృక్షజాల నమోదుకు 18వ శతాబ్ది చివర సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ గట్టి పునాది వేశాడు. మొక్కల తెలుగు పేర్లనూ అతడు రాసుకున్నాడు. అయితే 1832లో విలియం కేరీ ప్రచురించిన ‘ఫ్లోరా ఇండికా’లో పుష్పరహిత మొక్కల భాగం చేరలేదు. దానిని రాక్స్‌బర్గ్ మరణించిన 29 ఏళ్లకు, 1844లో, గ్రిఫిత్ వెలువరించాడు. బెడ్డోమ్ దక్షిణ భారత ఫెర్న్‌ల గ్రంథం ప్రధానంగా కొండ అడవులపై దృష్టి నిలిపింది. 1915లో మొదలైన గాంబుల్ మద్రాసు వృక్షజాలం పుష్పించే మొక్కలకే పరిమితమైంది. ఫలితంగా డెల్టా ఫెర్న్‌లు ప్రామాణిక గ్రంథాల అంచునే మిగిలాయి.

వరిచేలలో నాలుగు దళాల ఆకుతో పెరిగే మార్సీలియా ఇందుకు ఉదాహరణ. 1810లో విల్డెనో ఒక జాతికి ‘కోరమాండెలీనా’ అని ఈ తీరం పేరే పెట్టాడు. నీటిలో తేలే ఆకుకూ తడినేలపై నిలిచే ఆకుకూ ఆకారం మారుతుంది; కాబట్టి ఆకుతోనే జాతిని నిర్ధారించడం కష్టం. కాడ మొదట్లోని సిద్ధబీజ కోశాలే ప్రధాన ఆధారం. అవి నీరు తీసిన తరువాతే ఎక్కువగా ఏర్పడతాయి. కనుక అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో దాళ్వా కోతల అనంతరం, కాలువలు కట్టేసిన రోజుల్లోనూ సేకరణ జరగాలి. తేదీ, నీటి స్థితి, స్థానిక నామం నమోదైన నమూనాయే రాక్స్‌బర్గ్ ఆరంభించిన పనికి కొనసాగింపు.