నవ్వుతూనే దారి మళ్లించారు

నవ్వుతూ లోపలికి రమ్మన్నారు. కుర్చీ చూపించారు. బడ్జెట్ ఎంత? ఎన్ని బెడ్‌రూములు కావాలి? అడిగేవన్నీ మామూలు ప్రశ్నలే. ఎదురుగా కూర్చున్న మనిషి గుండె మాత్రం దడదడలాడుతోంది. ఎందుకంటే ఆ మనిషికి ఇల్లు అక్కర్లేదు. చెబుతున్న లెక్కలన్నీ ముందే కంఠతా పట్టినవి. పైకి కనపడని చిన్న కెమెరా ఒకటి ఏజెంట్ వైపే చూస్తోంది.

కొన్నాళ్లకు అదే ఏజెంట్ దగ్గరికి ఇంకొకరు వస్తారు. అదే బడ్జెట్. అదే కోరిక. ఒంటి రంగు ఒక్కటే వేరు.

ఇది న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని సముద్రంలోకి పొడుగ్గా సాగిన లాంగ్ ఐలండ్. ఆ మనుషులను పంపింది అక్కడి దినపత్రిక ‘న్యూస్‌డే’. మొత్తం 25 మంది టెస్టర్లు. ఊరికే పంపలేదు, తర్ఫీదు ఇచ్చి పంపారు. ఫలానా పేట చూపించమని నోరు జారకూడదు. రంగు ఊసెత్తకూడదు. ఏజెంట్ ఏం మాట్లాడినా మొహంలో ఏమీ కనపడకూడదు. వినాలి, తలూపాలి, బయటికి రావాలి.

బయటికొచ్చాకే అసలు కథ మొదలయ్యేది.

బ్రెంట్‌వుడ్ సంగతే చూడండి. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే ఊరు. నల్లజాతి టెస్టర్ ఎదుట ఏజెంట్ ఆ ఊరిని తెగ పొగిడారు. అక్కడివాళ్లంత మంచివాళ్లు లేరన్నారు. అక్కడ కొత్త ఇల్లు అమ్మకానికి వస్తే తనకెంతో ఉత్సాహంగా ఉంటుందన్నారు. మాటలో తేనె. తెల్లజాతి టెస్టర్‌కు అదే ఏజెంట్ నుంచి ఒక మెసేజ్ వెళ్లింది. ఎంతో మర్యాదగా ఉంది. భద్రత కోసం, ఆ ప్రాంతంలో గ్యాంగుల గొడవల గురించి దయచేసి కాస్త తెలుసుకోండి, అని.

ఒకే ఊరు. ఒకే నోరు.

ఆ వృత్తిలో దీనికో పేరుంది. స్టీరింగ్. తలుపు మొహాన వేయరు, కసురుకోరు, కాఫీ కూడా ఇస్తారు, కారెక్కించుకుని ఇళ్లూ చూపిస్తారు, కానీ ఏ వీధిలోకి తిప్పాలో, ఏ వీధి పేరు నోటివెంట రాకూడదో వాళ్ల మనసులో ముందే గీత పడిపోయి ఉంటుంది. ఇల్లు వెతుక్కునే మనిషికి ఆ గీత ఎప్పటికీ కనపడదు. పక్కవాడికి ఏం చూపించారో తెలిస్తే కదా!

కొందరు ఏజెంట్లు ఇంకో మెలిక పెట్టారు. బ్యాంకు లోను ఇస్తానన్న ఉత్తరం తెస్తేనే ఇల్లు చూపిస్తామని నల్లవాళ్లతో అన్నారు. తెల్లవాళ్లను అడగలేదు.

240 గంటల రికార్డింగు పోగుపడింది. ఏజెంట్లు సూచించిన 5,763 ఇళ్లను మ్యాపు మీద చుక్కలుగా పెట్టారు. చుక్కలు వాటంతటవే రెండు గుంపులుగా విడిపోవడం మొదలైంది.

ఆ గుంపుల వెనక పాత చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 నుంచి, ఇదే దీవిలో లెవిట్‌టౌన్ కట్టారు. ఒకే అచ్చులో పోసినట్టు 17 వేలకు పైగా ఇళ్లు. తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ కాపురం ఉండకూడదని అద్దె కాగితంలోనే రాసుకున్నారు. ఇంట్లో పనివాళ్లకు మాత్రం మినహాయింపు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన వారానికి, ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష కూడదంటూ ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. కాగితం మీదైతే వివక్ష చెల్లకుండా పోయింది.

మరి ఏజెంట్లకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదా? చెప్పారు. లైసెన్సు నిలబెట్టుకోవాలంటే రెండేళ్లకోసారి 22.5 గంటల చదువు. అందులో కనీసం మూడు గంటలు ఈ చట్టం మీదే. అలాంటి క్లాసుల్లోకీ వెళ్లి కూర్చున్నారు న్యూస్‌డే రిపోర్టర్లు. అక్కడ విన్నది నిపుణుల ముందు పెట్టారు. పాఠం అరకొర, చెప్పినదాంట్లోనూ తప్పులు అన్నారు వాళ్లు. ఆ క్లాసుల నుంచే సర్టిఫికెట్లు పట్టుకుని ఏజెంట్లు మళ్లీ కార్లెక్కేవారు. ఎదుటి మనిషిని ఎలా కనిపెట్టాలో టెస్టర్లు నేర్చుకున్నంత శ్రద్ధగా, ఎదుటి మనిషిని సమానంగా ఎలా చూడాలో వీళ్లకు ఎవరూ నేర్పలేదు.

2019 నవంబరు 17. ఆదివారం. మూడేళ్ల పని ఒక్కసారిగా అచ్చులోకి వచ్చింది. 86 జతల పరీక్షలు. 93 మంది ఏజెంట్లు. నల్లవాళ్లకు 49 శాతం పరీక్షల్లో తేడా కనపడింది. లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్‌లకు 39 శాతం. ఆసియావాళ్లకు 19 శాతం. హిక్స్‌విల్ లాంటి చోట్ల మన దేశం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఆఖరి అంకె వాళ్ల ఇంటి గుమ్మందాకా వచ్చింది.

డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్ర సెనేటర్లు విచారణ పెట్టారు. పిలిచిన ఏజెంట్లలో చాలామంది రానేలేదు. సెనేటర్లు వదల్లేదు. మళ్లీ విచారణ పెట్టి, ఈసారి సమన్లు పంపారు.

తర్వాత ఒక్కొక్కటిగా కదిలాయి. లైసెన్సు కోసం కొత్తగా వచ్చేవాళ్ల కోర్సు 75 గంటల నుంచి 77కి పెరిగింది. ఆ రెండు గంటలూ మనకు తెలియకుండానే మనసులో పేరుకున్న పక్షపాతం గురించి. జరిమానా గరిష్ఠంగా వెయ్యి డాలర్లుండేది, రెండు వేలైంది. వీటన్నిటికంటే ముందే, 2020లో, ఇంకో నిబంధన వచ్చింది. పైకి చూస్తే చిన్నదే. ఫెయిర్ హౌసింగ్ క్లాసు మొదటి మాట నుంచి చివరి మాట దాకా, బొమ్మతో సహా రికార్డు కావాలి.

ఇప్పుడా క్లాసులో కెమెరా దాచక్కర్లేదు. అందరికీ కనపడేలానే ఉంటుంది. తలుపు మూసుకుంటుంది. ఏజెంట్లు కుర్చీల్లో సర్దుకుంటారు. పాఠం చెప్పే మనిషి ఒకసారి గడియారం వైపు, ఒకసారి కెమెరా వైపు చూసి గొంతు సవరించుకుంటారు. ఇంకా మూడు గంటలుంది.