పెరో పెరెజ్

స్పానిష్ రచయిత మిగెల్ డి సెర్వాంటిస్ నవల ‘డాన్ క్విక్సోట్’ (మొదటి భాగం 1605, రెండవది 1615)లో కథానాయకుడి ఊరి మతగురువు, అతని ఆప్తమిత్రుడు. సిగ్వెన్సాలో చదివిన పట్టభద్రుడు. వీరగాథల పిచ్చిలో పడిన మిత్రుణ్ణి దారికి తేవాలని తపించే వివేకి.

మొదటి భాగం ఆరో అధ్యాయంలో మంగలి నికొలాస్‌తో కలిసి మిత్రుడి పుస్తకాలను సోదా చేస్తాడు. చాలావాటిని పెరట్లో తగలబెట్టిస్తాడు గానీ, ‘తిరాంత్’ అనే వీరగాథ కంటబడగానే ఆనందం పట్టలేడు. అందులో వీరులు అందరిలాగే తింటారు, నిద్రపోతారు, వీలునామా రాసి మంచంమీదే కన్నుమూస్తారు. అందుకే దాన్ని దాచుకోమని నికొలాస్‌కు చెబుతాడు. అతని వివేకం చదువరి వివేకం. నవలలో ఇంత చక్కటి సాహిత్య విమర్శ అరుదు.

అయితే అతని మార్గాలన్నీ నాటకాలే. పుస్తకాల గది తలుపు మూయించి గోడ కట్టిస్తాడు. ఆ గదిని మాంత్రికుడు మాయం చేశాడని ఇంట్లోవాళ్లు చెబితే క్విక్సోట్ నమ్మేస్తాడు, భ్రమ ఇంకా ముదురుతుంది. ఇల్లు విడిచిన మిత్రుణ్ణి వెనక్కి రప్పించడానికి ఆడవేషం వేసుకున్నాక, గురువుకు తగదని తీసేస్తాడు. చివరికి మిత్రుణ్ణి బోనులో పెట్టి ఎడ్లబండిపై ఊరు చేరుస్తాడు.

రెండవ భాగం చివర, తెలివి తిరిగొచ్చిన మిత్రుడి పాపనివేదన వినేదీ అతనే.