పని గాయాల పరిహారం: నిజామాబాదు–బోధన్ చెరుకు ప్రాంతం

పనిలో ఉండగా, ఆ పని కారణంగానే జరిగిన ప్రమాదంలో కార్మికుడికి శాశ్వత వైకల్యం ఏర్పడితే, యజమాని తప్పు ఉన్నా లేకున్నా చట్టప్రకారం చెల్లించవలసిన సొమ్మును పని గాయాల పరిహారం అంటారు. జర్మనీలో 1884లో, ఇంగ్లండులో 1897లో చట్టమైన ఈ సూత్రం బ్రిటిషు ఇండియాలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంగా రూపొంది, 1924 జూలై 1 నుంచి అమలైంది. అప్పటికి నిజాం ఏలుబడిలో ఉన్న నిజామాబాదు జిల్లాకు అది వర్తించలేదు.

1931లో మంజీర నదిపై నిజాంసాగర్ పూర్తయి, దాని కాలువల కింద చెరుకు సాగు పెరిగిన తరువాత, 1937లో బోధన్ పక్కనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. చెరుకును నరికే యంత్రపు కత్తులు, రసం పిండే ఇనుప రోలర్లు, బాయిలర్లు ఉన్న చోట వేళ్లో, చేయో, కన్నో పోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. 1948లో నిజాం సంస్థానం భారతదేశంలో విలీనమై, రాజ్యాంగం వచ్చాక ఈ ప్రాంతమూ దేశమంతటికీ వర్తించే కార్మిక చట్టాల పరిధిలోకి చేరింది.

చక్కెర కార్మికుడి పరిస్థితిని ప్రత్యేకం చేసినది మరొక చట్టం. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే ఇ.ఎస్.ఐ., కింద చందా కట్టిన కార్మికుడికి వైకల్యం వస్తే, కోల్పోయిన సంపాదన శక్తికి తగినట్టు బీమా సంస్థ క్రమం తప్పకుండా భృతి ఇచ్చేది. అతడు మళ్లీ యజమానిపై 1923 చట్టం కింద దావా వేయడానికి వీలుండేది కాదు. అయితే ఇ.ఎస్.ఐ. చట్టం ఏడాదిలో కొంతకాలమే నడిచే సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది, చక్కెర, బెల్లం తయారీకే పరిమితమైన కర్మాగారాలను ఆ కోవలోనే చేర్చింది. దీనివల్ల క్రషింగ్ సీజనులో గాయపడినవాడు, తనకు కూలి ఇచ్చిన యజమానినే ప్రతివాదిగా నిలిపి, ఒక్కసారి వచ్చే మొత్తం కోసం పోరాడవలసి వస్తుంది. మినహాయింపుకు కారణంగా చెప్పే పని కాలపు స్వల్పత్వం పోయిన చేతికి వర్తించదన్నది స్పష్టమే.

పరిహారం లెక్కలో, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. పాక్షిక వైకల్యానికి అందులో సంపాదన శక్తి తగ్గిన శాతం మేరకే లెక్కగడతారు. లెక్కకు తీసుకునే వేతనానికి 2020 జనవరి నుంచి రూ.15,000 పరిమితి విధించారు. నలభై ఏళ్ల కార్మికుడికి గుణకం 184.17, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే చట్టంలోని గాయాల షెడ్యూలు 50 శాతం నష్టంగా నిర్ణయిస్తుంది కాబట్టి, ఆ గరిష్ఠ వేతనంపై అతడికి రూ.8,28,765 రావాలి. షెడ్యూలు శాతమే అన్ని వేళలా తుది మాట కాదు. ఎడమ చేయి తీసివేయవలసి వచ్చిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కనుక అది సంపూర్ణ వైకల్యమేనని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. చెల్లింపు బాధ్యత ప్రమాదం జరిగిన రోజే మొదలవుతుందని కూడా చెప్పింది.

1923 చట్టం కింద దరఖాస్తును ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు, కమిషనర్‌గా వ్యవహరించే కార్మిక శాఖ అధికారికి ఇవ్వవలసి ఉండేది. కాంట్రాక్టరు పెట్టుకున్న కూలీకి కూడా, పని ఫ్యాక్టరీ వ్యాపారంలో భాగమైతే, ప్రధాన యజమానే ముందు చెల్లించి, ఆ తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. ఎంతో కొంత చేతిలో పెట్టి, హక్కు వదులుకున్నట్టు కాగితంపై వేలిముద్ర వేయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీతో పాటు, సరైన కారణం లేని ఆలస్యానికి 50 శాతం దాకా జరిమానా పడవచ్చు.

2009 సవరణతో చట్టం పేరులో 'కార్మికుడు' స్థానంలో 'ఉద్యోగి' చేరింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 1923 చట్టాన్ని తనలో కలుపుకొని, ఇంటికీ పనిచోటుకీ మధ్య ప్రయాణంలో, పనితో సంబంధం రుజువయ్యే ప్రమాదాలకు కూడా పరిహారం విస్తరించింది. సీజనల్ ఫ్యాక్టరీలను మాత్రం ఇ.ఎస్.ఐ. అధ్యాయానికి వెలుపలే ఉంచింది.