లాగిన్ కాకముందు ఒకలా.. అయ్యాక మరోలా! వెబ్ పేజీ మిమ్మల్ని ఎలా గుర్తుపడుతుంది?

రైలు టికెట్ కోసం ఐఆర్‌సీటీసీ సైట్ ఓపెన్ చేస్తే పైన ‘లాగిన్’, ‘రిజిస్టర్’ అని కనిపిస్తాయి. ఐడీ, పాస్‌వర్డ్ కొట్టగానే అవి మాయం.. అక్కడ మీ పేరు, ‘లాగౌట్’ వచ్చేస్తాయి. సైట్ అదే, ఫోన్ అదే. మరి ఎదురుగా ఉన్నది ఎవరో దానికి ఎలా తెలిసింది?

నిజానికి వెబ్‌కు సొంతంగా జ్ఞాపకశక్తి లేదు. పేజీలను మోసుకొచ్చే హెచ్‌టీటీపీ అనే పద్ధతి ప్రతి క్లిక్‌నూ కొత్త మనిషి వచ్చినట్టే చూస్తుంది. ఈ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ ఇంజినీర్ లూ మాంటుల్లి ‘కుకీ’ని తయారు చేశారు. గుడి బయట చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. లాగిన్ అవ్వగానే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ప్రతి క్లిక్‌తో పాటు చూపిస్తుంది. స్టాండ్‌లో కుర్రాడికి మీ ముఖం గుర్తుండదు.. టోకెన్ నంబర్ చూసి చెప్పులిచ్చేస్తాడు. ఆ టోకెన్ ఇంకొకరి చేతికి చిక్కితే? చెప్పులు వాళ్లవే!

ఇక ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నది రెండు చోట్ల తేల్చొచ్చు. ఒకటి సర్వర్‌లో. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లలో ‘ఈజ్ యూజర్ లాగ్డ్ ఇన్’ అనే ఫంక్షన్ ఉంటుంది. లాగిన్ అయ్యారా అని అది అడుగుతుంది.. అవునంటే ఒక భాగం, కాదంటే మరో భాగం ఫోన్‌కు వెళ్తుంది. రెండోది బ్రౌజర్‌లో. అన్నీ పంపేసి, అక్కర్లేనివి కనిపించకుండా సీఎస్ఎస్‌తో ఒక్క లైన్ రాస్తే సరి. పని తేలికే. కానీ ఇది తలుపు వేయకుండా కర్టెన్ కట్టడమే. కంప్యూటర్‌లో రైట్ క్లిక్ చేసి పేజీ సోర్స్ చూస్తే దాచినదంతా బయటపడుతుంది. మెనూ బటన్లకైతే ఫర్వాలేదు. ఫోన్ నంబర్లు, డబ్బు కట్టి చూసే పాఠాలు ఇలా దాస్తే అవి దాచినట్టే కాదు.

‘డిలీట్’ బటన్‌దీ ఇదే కథ. బటన్ కనిపించకపోయినా దాని వెనకున్న అడ్రస్ తెలిస్తే నేరుగా కొట్టొచ్చు. అక్కడ కూడా సర్వర్ టోకెన్ అడగాల్సిందే. చాలా సైట్లు అడగవు! వెబ్ భద్రతా లోపాలపై ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన టాప్ 10 జాబితాలో, అనుమతి లేనివాళ్లను ఆపలేకపోవడమే మొదటి స్థానంలో నిలిచింది. అంతకుముందు జాబితాలో అది ఐదోది.

సర్వర్‌లోనే తేల్చినా ఒక్కోసారి కొంప మునుగుతుంది. 2015 డిసెంబర్ 25న వీడియో గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో అదే జరిగింది. తమ ఖాతా తెరిచిన కొందరికి ఎవరివో ఈమెయిల్ అడ్రస్‌లు, కొనుగోళ్ల చిట్టా, బిల్లింగ్ అడ్రస్‌లు కనిపించాయి. హ్యాకర్లు లోపలికి రాలేదు. సైట్‌పై దాడితో రద్దీ పెరగడంతో, పేజీల కాపీలు దాచి పంచే ‘క్యాషింగ్’ సెట్టింగ్ మార్చారు. ఆ మార్పు తేడా కొట్టింది. అందరికీ ఒకేలా ఉండే పేజీతో పాటు, ఒక్కరి కోసమే తయారైన పేజీని కూడా కాపీ తీసి పక్కవాళ్లకు ఇచ్చేసింది. సుమారు గంటన్నర పాటు ఇలా సాగిందని, దాదాపు 34 వేల మంది వివరాలు ఇతరుల కంటపడి ఉండొచ్చని స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ చెప్పింది. పూర్తి కార్డు నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఆ పేజీల్లో లేకపోవడం కాస్త ఊరట. చివరికి స్టోర్‌నే కాసేపు మూసేసి సెట్టింగ్ సరిచేశారు.

అందుకే ఏ సైట్‌లోనైనా మీ పేరున్న చోట ఇంకొకరి పేరు కనిపిస్తే కార్డు వివరాలు ఇవ్వకుండా బయటకు వచ్చేయండి. నెట్ సెంటర్‌లోనో, పక్కవాళ్ల ఫోన్‌లోనో అప్లికేషన్ నింపితే ట్యాబ్ మూసేస్తే చాలదు. టోకెన్ ఆ బ్రౌజర్‌లోనే ఉండిపోతుంది. ‘లాగౌట్’ నొక్కి, పైన మళ్లీ ‘లాగిన్’ అని కనిపించాకే లేవండి.