పవర్ సీటును నడిపే మాడ్యూల్: పనితీరు, వరద ముప్పు

కారు పవర్ సీటును కదిలించే ఎలక్ట్రానిక్ నియంత్రణ మాడ్యూల్ అనేక కార్లలో సీటు కిందనే అమరి ఉంటుంది. అందువల్ల వరద నీరు కారులోకి ప్రవేశిస్తే మొదట తడిసే పరికరాల్లో అదొకటి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలకు నెలవైన సూరత్‌లో 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు విడుదల కావడంతో తాపీ నది పొంగి, నగరంలో అధిక భాగం జలమయమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తింది. నీట మునిగిన కార్లు శుభ్రపడి మళ్లీ అమ్మకానికి వచ్చే అవకాశం ఉన్నందున, ఈ వ్యవస్థ గురించి తెలుసుకోవడం కొనుగోలుదారుకు మేలు చేస్తుంది.

ఎనిమిది దిశలంటే?

నేటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ సమీపంలోని కర్మాగారంలో తయారై 2019లో విడుదలైన కియా సెల్టోస్ పై శ్రేణి రకాల్లో ఎనిమిది దిశల డ్రైవరు సీటు ఉంది. ముందు–వెనుక, పైకి–కిందికి, కూర్చునే భాగం వాలు, వీపు భాగం వాలు అనే నాలుగు కదలికలు రెండేసి దిశల్లో జరిగితే ఎనిమిది అవుతాయి. సాధారణంగా ఒక్కో కదలికకు 12 వోల్టులతో పనిచేసే మోటారు ఒకటి ఉంటుంది. విద్యుత్తు ప్రవహించే దిశ మారితే మోటారు తిరిగే దిశా మారుతుంది. మరలతో కూడిన గేర్ల అమరిక వల్ల విద్యుత్తు ఆగిపోయినా సీటు ఉన్నచోటే నిలుస్తుంది.

మాడ్యూల్ పాత్ర

సాధారణ పవర్ సీటులో స్విచ్చే మోటారుకు నేరుగా విద్యుత్తును అందిస్తుంది. స్థానాన్ని గుర్తుంచుకునే సీటుకు మాత్రం మాడ్యూల్ తప్పనిసరి. స్విచ్ నుంచి సంకేతం అందగానే అది రిలేలు లేదా ట్రాన్సిస్టర్ల ద్వారా మోటారును నడుపుతుంది. మోటారులోని హాల్ సెన్సర్ పంపే స్పందనలను లెక్కిస్తూ సీటు ఎంత దూరం జరిగిందో గ్రహిస్తుంది. ఆ లెక్కను భద్రపరచి, బటన్ నొక్కినప్పుడు సీటును పూర్వ స్థానానికి చేరుస్తుంది. సీటుకు ఏదైనా అడ్డుపడితే మోటారు తీసుకునే విద్యుత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని గుర్తించి మోటారును ఆపే ఏర్పాటు అనేక మాడ్యూళ్లలో ఉంటుంది. బాష్ సంస్థ 1986లో పరిచయం చేసిన క్యాన్ వ్యవస్థ ద్వారానో, సెకనుకు గరిష్ఠంగా 20 కిలోబిట్ల వేగం గల లిన్ ద్వారానో ఇది కారులోని ఇతర మాడ్యూళ్లతో సమాచారం పంచుకుంటుంది. వాహనం కదులుతుండగా సీటు హఠాత్తుగా జరిగితే డ్రైవరు అదుపు తప్పవచ్చు. అందుకే చాలా కార్లలో ఆ సమయంలో జ్ఞాపక బటన్ పనిచేయదు.

నీరు తగిలితే

తడి చేరిన కనెక్టర్లు క్రమంగా తుప్పుపడతాయి. కారు ఆరిన వారాల తర్వాత కూడా సీటు ఆగి ఆగి కదలడం, జ్ఞాపక స్థానం చెరిగిపోవడం వంటి లోపాలు బయటపడవచ్చు. పాత కారు కొనేవారు నాలుగు కదలికలనూ చివరికంటా పరీక్షించాలి. సీటు పట్టాల తుప్పును, కార్పెట్ అడుగున బురదను గమనించాలి.

సీటు కింద సాధారణంగా పసుపు రంగులో కనిపించే కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. వాటిని సొంతంగా ఊడదీయడం ప్రమాదకరం. ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి. సమగ్ర బీమా వరద నష్టానికి వర్తిస్తుంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే సొంత కారుకు జరిగిన నష్టానికి పరిహారం అందదు.