పద్దులో అప్పు, పద్దుకందని అవసరం

గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు దానిని వ్రాసి ఉంచుకోవాలని ఖుర్‌ఆన్ (అల్ బఖరా: 282) ఆదేశిస్తున్నది. వ్రాత ఉభయులకూ రక్షణ. అయితే పద్దు చూసినంత మాత్రాన ఒక కుటుంబం స్థితి తెలిసిపోతుందా?

1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతమే, దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులది. సంఘాల పద్దులు మాత్రమే తిరగవేసి ఉంటే ఈ భారం కనిపించేది కాదు. కుటుంబాలను అడిగినందువల్లనే అది బయటపడింది.

2010లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన సూక్ష్మరుణ సంక్షోభం ఇదే పాఠం చెప్పింది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చాయి; వాటన్నిటినీ ఒకచోట చూపే సమగ్రమైన పద్దు అప్పటికి లేదు. కొత్త అప్పుతో పాత అప్పు తీర్చినా, పుస్తకంలో అది సకాల చెల్లింపే. ఒక వ్యక్తికి రెండుకు మించి సూక్ష్మరుణ సంస్థలు అప్పివ్వరాదని రిజర్వు బ్యాంకు 2011లో నిబంధన పెట్టింది.

2016లో యూపీఐ ప్రారంభమైన తరువాత, సంతోష్‌నగర్ వంటి ప్రాంతాల్లో పాలు, మందుల వంటి చిన్న ఖర్చులు సైతం బ్యాంకు లెక్కకెక్కుతున్నాయి. కాని బంధువు చేతికిచ్చిన చేబదులు అందులో కనిపించదు. ఖర్చు తగ్గితే అది పొదుపో, పస్తో అంకె చెప్పదు. అప్పు వ్రాయమన్న ఆయతుకు ముందే, ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమన్న 280వ ఆయతు ఉన్నదని గ్రహించాలి.